గునుగు పీకిన సాలమ్మ

తంగేడునూ గునుగునూ ఒక్క తీరుగా చూస్తే సాలమ్మకు ఒళ్లు మండేది. రెండూ బతుకమ్మలో పక్కపక్కనే కూర్చుంటాయి, నిజమే. అంతమాత్రాన ఒక తల్లి పిల్లలవుతాయా? తంగేడు మొండి పొద. మొరం నేలలో ఏళ్లకేళ్లు బతుకుతుంది, మేకలు కూడా మూతి పెట్టవు. నాలుగు చినుకులు పడితే చాలు, ఏ నెలలోనైనా పచ్చగా పూస్తుంది. గునుగు అలా కాదు. వానలకు జొన్నచేలో పిలవకుండానే మొలిచి, ఏడాదికొక్కసారి తెల్లటి కుచ్చులెత్తి, ఎండిపోతుంది.

తుంగభద్ర ఆనకట్ట పని మొదలైన మరుసటి ఎండాకాలం, ఆమె పెనిమిటి ఎల్లస్వామి మేస్త్రి వెంట రాళ్లు మోయడానికి పోయాడు. ఎప్పుడొస్తావని అడిగితే, గునుగు పూయకముందే ఇంట్లో ఉంటానన్నాడు. తంగేడు పేరెత్తి ఉంటే సాలమ్మ నమ్మేదే కాదు. గునుగన్నాడు గనుక నమ్మింది.

పిల్లల్లేరు, అత్తమామల్లేరు. జొన్న గటక వండుకుని ఒక్కతే తినేది. మాట్లాడే మనిషి లేక ఒక్కోరోజు తన గొంతు తనకే కొత్తగా ఉండేది.

శ్రావణం వచ్చింది, మనిషి రాలేదు. వాళ్ల ఊరు కేతేపల్లిలో కలుపు తీసే ఆడవాళ్లు సాళ్లలో గునుగు పీకేసినా, గట్ల మీద మాత్రం పండక్కని వదిలేస్తారు. సాలమ్మ గట్లనూ వదల్లేదు. కుచ్చు తలెత్తకముందే వేళ్లతో సహా లాగేసింది. కూలి లేని రోజు కూడా పక్క చేలకు పోయి పీకింది. అది పూయకపోతే ఆయనకింకా గడువున్నట్టే కదా! పిచ్చి తల్లి.

బతుకమ్మ దగ్గరపడేసరికి ఊళ్లో గునుగు కరువైంది. ఆడవాళ్లంతా దుమ్మెత్తిపోసి ఆమెతో మాటలు మానేశారు. పక్కింటి గోవిందమ్మ ఒక్కతే గడపలో కూర్చుని నెమ్మదిగా అడిగితే, సంగతి చెప్పింది. గోవిందమ్మ విని, కొంగుతో కళ్లొత్తుకుని లేచిపోయింది.

పండుగ ముందునాడు, ఎల్లస్వామితో పోయిన అంజన్న ఒక్కడే తిరిగొచ్చాడు. మేస్త్రి ఇన్నాళ్లూ కదలనివ్వలేదని చెప్పి, ఎల్లస్వామి గొంగడి ఆమె ముందు పెట్టాడు.

"జెరమొచ్చింది వదినా. మూడొద్దులు గూడ ఆగలే."

"ఎప్పుడు?"

"మిర్గం కంటె ముందుగాల్నే."

మృగశిర కార్తె కంటె ముందంటే అప్పటికి తొలకరి పడలేదు. జొన్న విత్తనమే వేయలేదు. సాలమ్మ బొబ్బలెక్కిన తన చేతులు చూసుకుంది.

"గట్లయితె నన్నెందుకు గిన్నొద్దులు పీకనిచ్చిండు?"

ఏం పీకడమో అంజన్నకు అర్థం కాలేదు. ఆమె గొంగడి తీసుకుని లోపలికి పోయింది.