నాయిన తిరిగి చూడని సాయంత్రం

మా నాయిన చెవిటివాడిలా ఉండడం నేర్చుకున్నది నా చిన్నప్పుడు, గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందర, ఆ ఇళ్ళ లైనులో వాళ్ళందరూ చూస్తుండగా. చూసినవాళ్ళలో ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది. వాళ్ళలో కొందరు పోయారు. పోయారు కదా అని నేను మరిచిపోలేదు.

నాయిన బొగ్గు గనిలో, మా మాటలో బొగ్గు బాయిలో, పనిచేసేవాడు. ఆ ఏడు మా పెద్దన్నకు వరంగల్‌లో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. మా లైనులో అంతకుముందు ఎవరికీ రాలేదు. ఆ సంతోషం మా ఇంట్లో ఎక్కువసేపు నిలవలేదు. ఫీజుకూ హాస్టల్‌కూ బ్యాంకులో చదువు అప్పు తీసుకోవాలి. దానికి నాయిన జీతమే పూచీ. అన్న పరీక్ష తప్పినా, చదివాక ఉద్యోగం రాకపోయినా ఆయన చెమటలోంచే కట్టాలి. అమ్మకు ఆ మాట తలుచుకుంటేనే వణుకు.

ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. కార్మికుడు ఇక బాయి పనికి పనికిరాడని దవాఖానలో డాక్టర్లు తేలిస్తే, ఆ కొలువు కొడుక్కు ఇచ్చేవారు. నిజంగా దెబ్బతిన్న వాళ్ళ కోసం పెట్టిన పద్ధతి అది. కానీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ కళ్ళు కూడా దాని మీద పడ్డాయి. అందుకే మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒకే మాట అడిగేవారు. "నౌకరి ఇంట్లనే ఉండంగ బాకీ జేసి చదివిచ్చుడేంది?"

అందరికంటే గట్టిగా అడిగింది పక్క క్వార్టర్ పెద్దాయన, పిల్లలమంతా కాక అని పిలిచేవాళ్ళం. ఆయన మోకాళ్ళు పనిచెయ్యడం లేదని డాక్టర్లతో రాయించుకొని, కొడుకును కొలువులో పెట్టి, మంచం మీద కూర్చుని ఊరందరికీ సలహాలు చెప్పేవాడు. మోకాళ్ళ సంగతి నాకు తెలియదు గానీ, కొడుకు పెళ్ళి బరాత్‌లో బ్యాండు ముందు ఆయన వేసిన చిందులు మాత్రం నేను కళ్ళారా చూశాను.

"తమ్మీ, ఇన్నేండ్ల సంది బాయిల బొగ్గు పేల్చే బాంబుల సప్పుడు ఇన్నోనివి. నీ చెవులు పోయినయంటె డాక్టర్ సాబే గాదు, దేవుడు సుత నమ్ముతడు," అన్నాడు నాయినతో.

అన్న ఆ రోజుల్లో ఎవరి మొహమూ చూసేవాడు కాదు. చదువుతానంటే నాయిన నెత్తిన అప్పు. చదవనంటే, కొలువు కోసం నాయిన చెవిటివాడు కావాలి. లోపల గోడవైపు తిరిగి కూర్చునేవాడు.

చివరికి నాయిన కాక మాటకు తలొగ్గాడు. చప్పుడుకు కదలకుండా ఉండే సాధన మొదలైంది. నాయిన ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, ఇంటికి వీపు పెట్టి స్టూలు మీద కూర్చునేవాడు. కాక వెనుక నుంచి స్టీలు పళ్ళెం పడేసేవాడు, చప్పట్లు కొట్టేవాడు. వాటికి నాయిన త్వరగానే అలవాటు పడ్డాడు. అప్పుడు కాక కళ్ళు నా మీద పడ్డాయి. "గీ పొల్లతోని పిలిపిద్దం. గిది పిలిస్తె ఎనుకకు మలగకుంటె ఇగ ఎవ్వలు పిలిచినా మలగడు."

రోజూ మిర్చి బజ్జీ కొనిస్తానని ఆశపెట్టాడు. ఒక్కరోజు కూడా కొనివ్వలేదు.

నేను "నాయినా" అనగానే నాయిన తిరిగి చూసేవాడు. అందరూ ఘొల్లుమని నవ్వేవారు. "ఏందిర బై, కోడిపుంజు లెక్క మెడ తిప్పుతున్నవ్!" అని కాక కసిరేవాడు. "బిడ్డ గొంతు గదనే అన్నా, ఎట్ల ఆగాలె," అని నాయిన తల దించుకునేవాడు. నాకు అది మొదట ఆటలాగే ఉండేది. తర్వాత బడిలో నా పక్కన కూర్చునే పిల్ల, "మీ నాయిన దొంగ చెవిటోడటగా" అంది. ఆ రోజు నుంచి సాయంత్రమైతే నేను తలుపు వెనక నక్కేదాన్ని. అయినా పిలవమంటే పిలిచేదాన్ని. కొన్నాళ్ళకు నాయిన నిజంగానే తిరగడం మానేశాడు.

అప్పట్లో మేం బొగ్గు పొయ్యిని బయట రాజేసి, పొగ పోయాక లోపల పెట్టుకునేవాళ్ళం. ఒక సాయంత్రం అమ్మ పొయ్యి రాజేసి నీళ్ళకు నల్లా దగ్గరికి వెళ్ళింది. నేను పొయ్యి పక్కనుంచి వస్తుంటే నా లంగా అంచుకు నిప్పు అంటుకుంది. "నాయినా!" అని అరిచాను. నాయిన అక్కడే, పిలిస్తే వినపడేంత దగ్గరలోనే, వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. తిరగలేదు. మళ్ళీ అరిచాను. మెడ ఇంకా బిగబట్టాడు.

"శెబాష్ తమ్మీ! గిట్లుండాలె!" అని కాక తొడ చరిచాడు. ఆయనా, చుట్టూ ఉన్నవాళ్ళూ నాయిన ఎదుట నిలబడి, రెప్ప కొడతాడేమోనని ఆయన మొహమే చూస్తున్నారు. నన్నెవరూ చూడలేదు.

అన్న లోపలినుంచి ఉరికి వచ్చి తడి గోనెసంచి నాకు చుట్టాడు. ఆ అలజడికి నాయిన వెనక్కి తిరిగాడు. అప్పటి ఆయన మొహం గురించి నేను రాయలేను.

పిక్క కాలింది. నాయిన నన్ను ఎత్తుకొని దవాఖానకు పరుగెత్తాడు. దారి పొడుగునా ఒకటే మాట. "ఇన్న బిడ్డా. ఇన్న. ఇని గూడ మలగలే." కాలిన మంట కంటే ఆ మాటే నాకు ఎక్కువ మండింది. ఎదురైన వాళ్ళు ఏమైందని అడుగుతుంటే నేను ఆయన భుజంలో మొహం దాచుకున్నాను.

మరునాడు కాక వచ్చి, "గింతకైనా మలగలేదంటె పక్కా పాసైతవ్ తమ్మీ," అన్నాడు. నాయిన ఎన్నడూ లేనంత గట్టిగా, "నా చెవులు మంచిగున్నయే. ఇగ ఊకో," అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొని, అన్నను వెంటబెట్టుకొని బ్యాంకుకు వెళ్ళాడు.

ఆ అప్పు మమ్మల్ని సుఖపెట్టిందని చెప్పను. నాయిన ఆదివారాలు కూడా డ్యూటీకి వెళ్ళాడు. అన్నకు ఉద్యోగం ఆలస్యంగా దొరికింది. ఈలోగా తండ్రి కొలువు అందుకున్న పిల్లలు మోటారు సైకిళ్ళు కొని మా ఇంటి ముందునుంచే హారన్ కొట్టుకుంటూ పోయేవారు. నా పదో తరగతి అయ్యాక, ఇంకో బాకీ మన వల్ల కాదన్నారు అమ్మా నాయినా. నన్ను చదివించలేదు. దాన్ని నేను మన్నించలేదు. అన్నకూ ఆ సంగతి తెలుసు.

ఇప్పుడు నా మనవరాలి చదువుకు బ్యాంకు అప్పు తీసుకోవాలా వద్దా అని నా కొడుకూ కోడలూ గుసగుసలాడుతున్నారు. ఆ పిల్లను కూడా పక్కన కూర్చోబెట్టుకొని, అప్పు ఎంతో, అది తీరేదాకా ఎట్లా బతకాలో అన్నీ ఆమె ముందరే మాట్లాడండని చెప్పాను. తీసుకోవడమా మానడమా మీ ఇష్టం, కానీ ఆ పిల్ల కోసం మీలో ఎవరూ తాము కానివాళ్ళుగా మారవద్దన్నాను. ఎందుకలా అన్నానో వాళ్ళు అడగలేదు.

పోయే ముందు కొన్నేళ్ళు నాయినకు నిజంగానే చెవులు వినపడలేదు. మా ఇంట్లో కూర్చున్నప్పుడు ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, "పిలిచినవా బిడ్డా?" అనేవాడు. నేను పిలవకపోయినా, పిలిచినట్టు తల ఊపి దగ్గరికి వెళ్ళేదాన్ని. ఈ రోజుకీ పిల్లలు నన్ను ఏ మూల నుంచి పిలిచినా చేతిలో పని వదిలేసి తిరుగుతాను. ఆటకు పిలిచారా, నిజంగా పిలిచారా అన్నది తిరిగాకే చూస్తాను.