మందు మానే మీటింగుకు, వయా గోల్‌మురి

ఆదివారం మధ్యాహ్నం రెండూ నలభైకి బిర్సానగర్‌లో బయలుదేరాను. గమ్యం ఈ ఉక్కు కర్మాగారాల ఊళ్లోనే ఇంకో బస్తీ, భాలుబాసా. రెండు షేర్ ఆటోలు, ఓ గంట దారి, అంతే. కానీ మా ఆవిడ గౌరి సాగనంపిన తీరు చూస్తే నేను హిమాలయాలు దాటబోతున్నాననుకోవాలి. సీసాతో నీళ్లు, పొట్లంలో నాలుగు గారెలు, ఆపైన ఒక హెచ్చరిక.

"పదకొండు రోజులు ఉగ్గబట్టుకున్నావు. అక్కడికెళ్లి నలుగురిలో సెప్పు. మళ్లీ తాగొచ్చేవంటే మాత్రం నాను మా తమ్ముడింటికి ఎలిపోతాను. ఈసారి ఒట్టి మాట కాదు."

ఇక్కడ పాఠకులకు ఒక నిజం చెప్పుకోవాలి. పదకొండు కాదు, నాలుగు. బుధవారం సాయంత్రం కొద్దిగా పుచ్చుకున్నాను. కొద్దిగా అంటే, సువర్ణరేఖ నదికి వరద రావడానికి సరిపోయేంత. మిగతా ఏడు రోజులూ నా సొంత కల్పన. ఆ పదకొండును నమ్మే గౌరి ఇంట్లో ఉంది.

మందు మానదలచినవాళ్లు వారం వారం కూర్చుని మాట్లాడుకునే మీటింగొకటి ఉందని డిస్పెన్సరీ గోడ మీద చూసి ఫోన్ చేశాను. "మీ బిర్సానగర్‌లోనే ఉంది కదా, బజారు వెనకాల" అన్నాడు అవతలాయన హిందీలో. బజారు వెనకాలంటే మా వీధి చివరే. అక్కడ కూర్చుంటే సాయంత్రానికల్లా మా సొంతూరు శ్రీకాకుళం దాకా కబురు వెళ్తుంది. "ఇంకాస్త దూరంలో లేదా?" అన్నాను. ఆయన నవ్వి భాలుబాసా అడ్రసు చెప్పాడు.

రెండూ యాభై అయిదుకి ఆటో దొరికింది. అందులో పద్దెనిమిది మందిమి ఎక్కాం. సరే, తొమ్మిది. పక్కనున్నావిడ ఒళ్లో కుట్టుమిషను తల ఉంది. సూది సరిగ్గా నా తొడకు గురిపెట్టి ఉంది. "హిలియే మత్ భయ్యా, సూయీ చుభ్ జాయేగీ" అందావిడ, కదిలితే సూది గుచ్చుకుంటుందని. గోల్‌మురి దాకా ఊపిరి కూడా ఆమె అనుమతితోనే పీల్చాను.

మూడూ ఇరవైకి గోల్‌మురిలో దిగి రెండో ఆటో కోసం నిలబడ్డాను. రోడ్డుకు అవతల ఏముందో చెప్పక్కర్లేదు. ఆ మందు షాపు ముందు లైన్లోంచి, మా ఫ్యాక్టరీలో నాతో క్రేన్ల దగ్గర పనిచేసే రమణ కేకేశాడు.

"మావా! సరిగ్గా టయానికొచ్చేవు. రా, నీకూ కలిపి తీసుకుంతాను."

నా కాళ్లు రెండడుగులు అటు వేశాయి. నేను వేయలేదు, అవే వేశాయి. "పంటి డాక్టరు దగ్గరికెళ్తన్నానురా" అని దవడ పట్టుకుని, నోరు ఖాళీగా ఉంటే ఏమంటుందోనని గారె కుక్కేశాను.

"పన్ను నొప్పోడివి గారెలేటి నముల్తన్నావు?" అని రమణ రోడ్డు దాటి వచ్చేలోపు ఆటో వచ్చింది. ఆగకుండానే ఎక్కేశాను. ఈ వయసులో అది ఒలింపిక్స్‌కు తగిన దూకుడు.

మూడూ యాభైకి భాలుబాసా. ఒక స్కూలు వెనక గది, పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టీ కెటిల్. టిక్కెట్టు లేదు, ఇంటిపేరు అడగరు. కెటిల్ పక్క కుర్చీలో మా గోడ అవతలి సోములు! ఆదివారం భజనకెళ్తున్నానని వీధంతా నమ్మించిన సోములు!

"ఏటి బావా, బజనా?" అన్నాను.

"బజనే. తాళాలు నువ్వు తెచ్చేవేటి?" అని టీ అందించాడు. "కంగారు పడకు. ఇక్కడ సగం మంది బిర్సానగరోళ్లే. మన ఈది సివర కూసునేది బాలుబాసా వోళ్లు."

అలా ప్రతి ఆదివారం రెండు బస్తీలవాళ్లు ఒకరికొకరు ఎదురై ఆటోల్లో దాటుకుపోతున్నారన్నమాట.

నవ్వొచ్చింది కానీ ఎక్కువసేపు నిలవలేదు. బుధవారం నన్ను రోడ్డు పక్కనుంచి లేపి ఆటో ఎక్కించింది ఈ సోములే. మీటింగు నడిపే పెద్దావిడ ముందే చెప్పింది, ఇక్కడి మాట గడప దాటదని. అంటే పదకొండన్నా సోములు గౌరికి చెప్పడు. తాగక ఎన్ని రోజులైందో ఒక్కొక్కరే చెబుతుంటే నా వంతు వచ్చింది. సోములు నా వైపు చూడకుండా టీ ఊదుకుంటున్నాడు. క్రేను ఇరవై మీటర్ల ఎత్తుంటే రెండు వందలని చెప్పే నోరు నాది. అందులోంచి అంత చిన్న అంకె బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

"చార్" అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగుకి!

మా ఫ్యాక్టరీలో ప్రమాదం లేకుండా గడిచిన రోజుల లెక్క ఒక బోర్డు మీద రాస్తారు. ఏదైనా జరిగితే మర్నాడు మళ్లీ సున్నా. "బోర్డు తుడిచేవు. ఇంక రాసుకుంటా పోడమే" అన్నాడు సోములు నా చెవిలో.

అయిదున్నరకు ఇద్దరం తిరుగు ఆటో ఎక్కాం. నేను ఫోన్ తీశాను.

"ఇంటికెళ్లి సెప్పొచ్చు కదా" అన్నాడు సోములు.

"ఇంటికెళ్లేసరికి నాలుగు మళ్లీ పెరిగిపోద్ది బావా."

ఆటో అంతా వింటుండగా చెప్పేశాను. "గౌరీ, పదకొండు కాదు. నాలుగే. బుధవారం తాగేను."

అవతల గౌరి గురువారం నుంచి పైకే లెక్కపెట్టుకుంది. ఈలోగా గోల్‌మురి వచ్చింది, ఆటో మారాం.

"నాలుగా?" అంది. "నాను మూడే అనుకున్నాను. నువ్వు సెప్పినదాంట్లో పావొంతే లెక్కేత్తాను కదా ఎప్పుడూ."

"మరి మీ తమ్ముడిల్లు?"

"ఆడే రేపు ఇక్కడికొత్తన్నాడు. నువ్వు బేగి రా."

ఈ దారిన రాదలచినవాళ్లకు నా అనుభవసారం ఇదొక్కటే. యాభై రెండేళ్లలో నా నిజం ఇంకొకరి అంచనాను మించడం ఇదే మొదటిసారి. ఒక్క రోజే అనుకోండి. అయినా మించింది.