దేశాలు తిరిగిన నాన్న

నిన్న పంటి డాక్టరు దగ్గర లవంగనూనె వాసన తగలగానే నాన్న గుర్తొచ్చి ఒళ్లు మండింది.

నాన్న చైనావాడు. రంగూన్, సింగపూర్, కలకత్తా తిరిగొచ్చి, ప్రొద్దుటూరులో పళ్లు కట్టే అంగడి పెట్టి మా అమ్మను చేసుకున్నాడు.

నా చిన్నప్పుడు ఒకరోజు జమ్మలమడుగులో అమ్మమ్మ చావుబతుకుల్లో ఉందని కబురొచ్చింది.

"నువ్వూ రా. అమ్మ నిన్ను చూడాలంటాంది," అంది అమ్మ.

"నేను శానా తిరిగినా. ఇంక యాడికీ రాను," అన్నాడు నాన్న.

అన్ని సముద్రాలు దాటి ఆయన కాళ్లు అరిగిపోయాయేమోనని నేను జాలిపడ్డాను.

అమ్మా నేనూ బస్సెక్కి జమ్మలమడుగు పోయాం. "అల్లుడు రాలేదా?" అని అడిగింది అమ్మమ్మ.

"ఊర్లో లేడు," అంది అమ్మ.

ఆ సాయంత్రమే అమ్మమ్మ పోయింది. కర్మ ముగించుకుని మేం ఇల్లు చేరేసరికి నాన్న ఎవరి నోట్లోనో వేళ్లు పెట్టి సింగపూర్ కబుర్లు చెప్తున్నాడు. అమ్మమ్మ ఎట్లుందని కూడా అడగలేదు.

గంటసేపు బస్సులో పెండ్లాం పక్కన కూర్చోలేని మనిషి, అన్ని దేశాలు తిరిగి ఏం నేర్చుకున్నట్టు?