ఫించ్‌ల ఇంటి కొలతలు

మా తమ్ముడు పిట్టలను పెంచుతున్నాడని తెలిసినప్పుడు నవ్వాలో తిట్టాలో తేల్చుకోలేక ముందు తిట్టేశాను. నా స్వభావమే అంత. మార్కాపురంలో వాడి ఇంటికి వెళ్ళేసరికి మంచం పక్కన స్టూలు మీద ఒక పంజరం, అందులో బొటనవేలంత పిట్టలు ఆరు. ముక్కులు ఎర్రగా ఉన్నాయి, మగవాటికి రొమ్ము మీద నల్ల చారలు, చెంపలకు నారింజ రంగు. చంటిపిల్లలు నడుస్తుంటే చెప్పులు పీపీ అంటాయే, అలా అరుస్తున్నాయి.

“ఏందిరా ఇవి, పిచ్చికలకు రంగేసినట్లుండాయి?” అన్నాను.

“ఫించ్‌లక్కా.”

“పింఛనా? నీకు రావాల్సిన పింఛను రాలే గానీ ఫించ్‌లు వచ్చినాయా?”

వాడు నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆయాసమయింది. వీపు రాస్తూ పక్కనే కూర్చున్నాను. పద్దెనిమిదేళ్ళు పలకల ఫ్యాక్టరీలో మిషను ముందు నిలబడి రాయి కోశాడు వాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టర్లు చెప్పేసరికి వాడికి నలభై ఆరేళ్ళు. పని మానేసి ఇంట్లో పడ్డాడు. మరదలు బట్టలు కుట్టడానికి టైలరింగ్ షాపుకు వెళ్తే పొద్దుగూకేదాకా ఇంట్లో వాడొక్కడే. పిల్లలు లేరు. మాట్లాడదామన్నా ఆయాసం, మాట్లాడకపోతే పొద్దుపోదు. పిట్టలు అందుకు. అది అర్థమయ్యాక తిట్టడం మానేశాను. మానేశాను అంటే తగ్గించాను.

పోయిన ఎండాకాలం చివర్లో ఆయాసం ఎక్కువై ఒంగోలులో ఆసుపత్రిలో చేర్చారు. మరదలు వాడి దగ్గర ఉండిపోయింది. నేను బేస్తవారిపేట పక్కన మా ఊరి నుంచి రెండు చీరలు సంచిలో పెట్టుకుని మార్కాపురం వచ్చాను, వాళ్ళ ఇల్లు చూసుకోవడానికి, పిట్టలకు ఇంత తిండి వేయడానికి. ఆసుపత్రిలో డాక్టరు ఒకటే మాట చెప్పాడట. పిట్టల ఈకల నలుసు, రెట్టల దుమ్ము ఈ మనిషికి పడవు, ఇంటికి పంపాలంటే అవి ఇంట్లో ఉండకూడదు అని. ఎవరికైనా ఇచ్చేద్దామని మరదలు బతిమాలింది. వీడు మొండికేశాడు. ఇంట్లో ఉండకూడదన్నారు గానీ పెరట్లో ఉండకూడదని ఎవరన్నారని వాదన.

అలా మొదలైంది పెరట్లో ఫించ్‌ల ఇల్లు. పంజరం అంటే ఊరుకునేవాడు కాదు. ఇల్లనే అనాలి.

రోజూ పొద్దున ఫోన్ చేసేవాడు. ముక్కు మీది ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగి మాట్లాడతాడని వాడి గొంతు వింటేనే తెలిసేది. నాలుగు మాటలు, ఒక ఊపిరి. మళ్ళీ నాలుగు మాటలు.

“అక్కా, రాసుకో. పొడవు ఎనిమిది అడుగులు. వెడల్పు అయిదు. ఎత్తు ఆరు ఉండాల, నువ్వు వంగకుండా లోపలికి పోవాల గదా.”

“నేనెందుకు పోతా వాటి ఇంట్లోకి, చుట్టమా?”

“చిమ్మేదానికి.”

చిమ్మడానికి అక్కను పెట్టుకున్నాడన్నమాట. అయినా రాసుకున్నాను. వాడి ఇంట్లో పలకలకు కొదవేముంది, ఒకటి గోడకు ఆనించి బలపంతో రాస్తూ పోయాను. పడమటి వైపు వల పెట్టకూడదు, మన ఎండకు, ఆ వడగాడ్పుకు పిట్టలు బతకవు, అటు పలకరాయి ముక్కలు పేర్చి గోడ కట్టాలి. పైన సగం బోదగడ్డి కప్పు, సగం వల. వల కన్నాలు చిటికెన వేలు కూడా దూరకుండా ఉండాలి. అడుగు లోతు భూమిలోకి పాతాలి, పాము, ఎలుక, ముంగిస దేనికీ సందు దొరక్కూడదు. తలుపులు రెండు, ఒకటి దాటాక ఒకటి. మొదటిది మూశాకే రెండోది తీయాలి, లేదంటే తుర్రుమంటాయి.

“మనింటికి ఒక తలుపే సరిగా పడదు, వాటికి రెండు తలుపులా?” అన్నాను.

“మనం యాడికి ఎగురుతామక్కా?”

నీళ్ళ దగ్గర మాత్రం పెద్ద పోట్లాటే జరిగింది. బోరు నీళ్ళు పోయొద్దు, క్యాను నీళ్ళు పోయమన్నాడు. ఆ ఫ్లోరైడు బోరు నీళ్ళు తాగి మా ఊళ్ళో మనుషుల మోకాళ్ళే పట్టేస్తున్నాయి, వాటికి క్యాను నీళ్ళా అని అరిచాను. “అందుకే గదా చెప్పేది,” అన్నాడు. క్యాను నీళ్ళే పోశాను.

వారం గడిచిందో లేదో, ఒక పొద్దున అన్నాడు. “అక్కా, డబ్బాలో సీడ్ అయిపోయింటది. అటక మీద సంచి ఉండాది. దాంట్లో నుంచి వెయ్యి.”

ఆ ఒక్క మాట గురించే ఇదంతా రాస్తున్నాను.

పిట్టల అంగట్లో వాటి తిండిని సీడ్ అంటారట. కొర్రలు, సామలు, సజ్జలు కలిపి అమ్మే గింజలు. వాడి నోటికి ఆ మాటే అలవాటైంది. మేము సేద్యం చేసుకునేవాళ్ళం. మాకు తినేవి గింజలు, చల్లేది సీడ్. కంపెనీ సంచిలో వచ్చే విత్తనాన్ని తప్ప దేన్నీ సీడ్ అనము. అటక ఎక్కితే ముందు కనపడింది నా సంచే. అంతకుముందు ఏడాది తొలకరికని మార్కాపురంలో కొని, వాన మొహం చాటేస్తే, మా ఇంట్లో ఎలుకలకు భయపడి వీడి ఇంట్లో ఉంచిపోయిన సజ్జ విత్తనం. నా సీడ్ మీద కన్నేశాడు వీడు అనుకున్నాను. వాన ఎటూ పడేలా లేదు, తిననీలే అనుకున్నాను.

ఆ విత్తనానికి గులాబీ రంగు మందు పట్టించి ఉంది. అది నాకు తెలియక కాదు. విత్తగా మిగిలినదాన్ని బాగా కడిగి, ఎండబోసి కోళ్ళకు వేయడం మా ఇళ్ళల్లో ఉన్నదే. ఒక్క కోడి చచ్చినట్టు నేను చూడలేదు. అలాగే కడిగాను. నీళ్ళు తేటగా వచ్చేదాకా అయిదుసార్లు కడిగాను. మిద్దె మీద ఎండబోసి, కాకులు రాకుండా పక్కనే కూర్చున్నాను. సాయంత్రం గిన్నెలో వేస్తే ఆరూ ఆత్రంగా తిన్నాయి. చూసి సంతోషపడ్డాను కూడా.

కోడి ఎక్కడ, బొటనవేలంత పిట్ట ఎక్కడ!

మర్నాడు తెల్లారేసరికి రెండు కింద పడి ఉన్నాయి. మధ్యాహ్నానికి ఇంకో రెండు. మిగిలిన రెంటికీ దూది తడిపి నీళ్ళు పట్టబోయాను. ఒకటి నా అరచేతిలోనే మెడ వాల్చేసింది. రెండోదీ దక్కలేదు. మళ్ళీ అటక ఎక్కి చూస్తే నా సంచి వెనకాల తెల్ల సంచి, మూతి కట్టి, నిండుగా ఉంది. అక్కడే నిచ్చెన మీద నిలబడి ఏడ్చాను. మా నాయన పోయినప్పుడు కూడా అంత గట్టిగా ఏడవలేదు. దానిమ్మ చెట్టు కింద ఆరింటినీ పూడ్చి, చేతులు కడుక్కుంటుంటే ఫోన్ మోగింది.

“ఎట్లుండాయక్కా?”

“బాగుండాయి.”

ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. వాడికి బతకాలన్న ఆశంతా ఆ ఇంటి కొలతల్లోనే ఉంది. నిజం చెబితే వాడు మళ్ళీ ఫోన్ చేయడని, ఆసుపత్రి గోడ వైపు తిరిగి పడుకుంటాడని భయపడ్డాను. ఇంటికి వచ్చాక చెబుదాం, మనిషి తేరుకున్నాక కాళ్ళు పట్టుకుందాం అనుకున్నాను. తమ్ముడి కాళ్ళయితే ఏం.

రెండు రోజులయ్యాక అడిగాడు. “ఫోను వాటి దగ్గర పెట్టక్కా. అరుపులు వింటా.”

పడుకున్నాయని చెప్పాను. పట్టపగలు ఏం పడకని వాడు అడగలేదు. మర్నాడు పొద్దున్నే పిట్టల అంగడికి వెళ్ళి ఫించ్‌ల పంజరం ముందు నిలబడ్డాను.

“ఏం కావాల పెద్దమ్మా?” అన్నాడు అంగడతను.

“ఏమొద్దు నాయనా. ఒక్క నిమిషం ఇక్కడ నిలబడనీ,” అని తమ్ముడికి ఫోన్ కలిపి పంజరానికి ఆనించి పట్టుకున్నాను. చాలాసేపు విన్నాడు. ఫోన్ చెవికి పెట్టుకుంటే, “బాగుండాయక్కా,” అన్నాడు. ఒక ఊపిరి తీసుకుని, “తలుపు గడియ బయటివైపు పెట్టించు,” అన్నాడు.

ఆ రోజు నుంచి ఫోన్లు ఎక్కువయ్యాయి. పొద్దునొకటి, సాయంత్రమొకటి. గూళ్ళకు మట్టి ముంతలు కట్టాలి, నోరు తూర్పుకు ఉండాలి. చీమలు ఎక్కకుండా గిన్నెల స్టాండు కాళ్ళు నీళ్ళల్లో పెట్టాలి. వాలడానికి వేప పుల్లలు, అన్నీ ఒకే లావున ఉండకూడదు, వాటి కాళ్ళు పట్టేస్తాయి. వెల్డింగ్ అతన్ని పిలిపించి ఇనుప చట్రం నిలబెట్టించాను. పడమటి గోడ నేనే పేర్చాను. లేని పిట్టల కోసం ఒక్కో రాయి పెడుతుంటే చేతులు బరువెక్కేవి. పని లేకపోతే అంతకంటే బరువుగా ఉండేది. కప్పు వేయించాక వస్తావు గదరా అంటే, వస్తా అన్నాడు.

రాలేదు. బోదగడ్డి కప్పిన మూడో రోజున ఆసుపత్రిలోనే పోయాడు. శవాన్ని ఆ పెరట్లోనే దించారు. పదకొండో రోజు వంటవాళ్ళు కుక్కల భయానికి కూరగాయల బుట్టలు, విస్తరాకుల కట్టలు ఆ వల లోపల పెట్టుకున్నారు. చుట్టాల్లో ఒకామె, ఇంత గట్టిగా కోళ్ళ గూడు ఎవరు కట్టించారని అడిగింది.

చుట్టాలు వెళ్ళిపోయాక మరదలు, నేను గడప మీద కూర్చున్నాం. ఇక దాచలేక చెప్పేశాను. పిట్టలను చంపింది నేనే, మీ ఆయనకు అబద్ధం చెప్పాను, వాడు ఆ నమ్మకంతోనే పోయాడు అన్నాను.

“ఆయనకు తెలుసు వదినా,” అంది మరదలు.

“ఏం తెలుసే?”

“నువ్వు బాగుండాయన్న రోజే నీ గొంతు విని అనుమానపడినాడు. ఆ అంగట్లో నుంచి వినిపించినావు గదా, వెనకాల లవ్ బర్డ్స్ అరిచినాయంట. అప్పుడు ఖాయం చేసుకున్నాడు. అటక మీద నీ విత్తనాల సంచి ఉండాదని గుర్తొచ్చిందంట. ‘నేను గింజలు అనాల్సింది, సీడ్ అంటి, అక్క ఏం చేస్తది పాపం’ అన్నాడు. తెలిసినట్టు నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు.”

“మరి ఆ గూళ్ళు, ఆ ముంతలు, అదంతా ఎందుకు చెప్పినాడే?”

“అక్క ఒక్కతే ఆ ఇంట్లో కూచుని ఏడుస్తా ఉంటది, చేతికి పనుంటే తట్టుకుంటది అన్నాడు. మాస్కు తియ్యొద్దని డాక్టరు అరిచినా వినలే. నాతో గూడా మాట్లాడేవాడు కాదు వదినా, ఊపిరి నీ ఫోనుకు దాచుకునేవాడు.”

నాకు వాడి మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. ఒక్క మాట తిట్టి ఉంటే నేను ఇలా మిగిలేదాన్ని కాదు. వాడి బలం కోసం నేను అబద్ధం ఆడుతున్నాననుకున్నాను. నాలుగు మాటలకు ఒక ఊపిరి చొప్పున వాడు నాకోసం ఆ ఇల్లంతా చెప్పాడు.