డిక్కీలో నీళ్ల డబ్బాలు

బానెట్ ఎత్తి రోడ్డు పక్కన నిలబడ్డ ఆడదాన్ని చూస్తే మగవాళ్లకు ఒకటే ప్రశ్న పుడుతుంది. "సార్ యాడమ్మా?" మొగిలి ఘాట్‌లో ఆ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో చెప్పలేను. లారీ డ్రైవర్లు అడిగారు, పాల వ్యాను వాళ్లు అడిగారు, మేకలు తోలుకుపోయే ముసలాయన కూడా కర్ర ఆనించుకుని నిలబడి మరీ అడిగాడు. కారు నాది. లైసెన్సు నాది. ఆవిరి తగిలి బొబ్బలెక్కిన చెయ్యి నాది. మధ్యలో సార్‌తో ఏం పని? మా సార్‌కు స్పానరుకూ స్క్రూడ్రైవరుకూ తేడా తెలియదు. ఒకసారి ఒళ్లు మండి, "సార్ ఇంట్లో వంట చేస్తాండాడు" అన్నాను. ఆ లారీ డ్రైవరు నవ్వలేదు. పాపం అన్నట్టు తలాడించి పోయాడు.

తొంభైల నడిమి మాట ఇది. మేం చిత్తూరులో ఉండేవాళ్లం. నేను పలమనేరు అవతల ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. మా ఆయన ఆఫీసు చిత్తూరులోనే, స్కూటరు మీద ఐదు నిమిషాల దారి. నేను మాత్రం ఏళ్ల తరబడి టమోటా గంపల మధ్య, బస్సు కడ్డీ పట్టుకుని వేలాడుతూ ఘాట్ ఎక్కి దిగాను. చివరికి, చాలు ఈ పీడ అనుకుని, వేలూరులో ఒక డాక్టరు దగ్గర పాత కారు కొన్నాను. ఆకుపచ్చది. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉండేది. కిటికీ మూల చిన్న మూడుపలకల అద్దం ఒకటుండేది, దాన్ని కొంచెం తిప్పి పెడితే గాలి సూటిగా మొహానికి కొట్టేది.

నడపడం మా నాయన నేర్పించాడు. బంగారుపాళ్యం పక్కన మా మామిడితోటలో, ట్రాక్టరు మీద, నాకు పన్నెండేళ్లప్పుడు. "స్టీరింగు పట్టుకున్నాక మొగా ఆడా లేదు మే, సూపుంటే సాలు" అనేవాడు. ఆ కారు నడుపుతుంటే నాకు ఆ మాట గుర్తొచ్చేది. చింతచెట్ల కింద రోడ్డు నల్లగా సాగిపోతుంటే, ఘాట్ ఎక్కి పైకి చేరాక పలమనేరు చల్లగాలి తగిలితే, ఆ పది నిమిషాలు నేను ఎవరి పెళ్లాన్నీ కాదు, ఎవరి తల్లినీ కాదు. అంత సుఖం నాకు మరే వస్తువూ ఇవ్వలేదు, నిజం చెప్తున్నాను.

కానీ ఎక్కితేనే కదా ఘాట్! పదిసార్లలో మూడుసార్లు సగం దారిలో వేడెక్కి నిలబడిపోయేది. ముల్లు ఎర్రగీత మీదికి పోవడం, ముందు నుంచి పొగలాగా ఆవిరి లేవడం, నేను దిగి బానెట్ ఎత్తడం, ఎవడో వచ్చి సార్ ఎక్కడని అడగడం. మెకానిక్కు దగ్గరికి ఎన్నిసార్లు పోయానో! రేడియేటర్ కడిగించాను. పైపులు మార్పించాను. బెల్టు మార్పించాను. రెండు వారాలు బాగుండేది, మళ్లీ మొదలు. కొన్ని రోగాలు దానికి పుట్టుకతోనే ఉన్నాయి, కాదనను. ఎండాకాలం పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పితే గానీ స్టార్టయ్యేది కాదు. వానొస్తే వైపరు తనకిష్టమైనప్పుడే ఊగేది. వాటితో నాకు పేచీ లేదు. ఈ వేడెక్కడమే నా ప్రాణం తీసింది.

ఇక్కడ మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన రోజూ పొద్దున్నే లేచి రెండు ప్లాస్టిక్ డబ్బాల నిండా నీళ్లు పట్టి, మూతలు బిగించి, డిక్కీలో పెట్టేవాడు. నేను జడ వేసుకునే లోపల ఆ పని అయిపోయేది. "దోవలో నిలిచిపోతే నీళ్లకు యాడ పోతావు?" అనేవాడు. స్టాఫ్‌రూములో నేను ఈ మాట చెప్తే మిగతా టీచర్లు కళ్లు పెద్దవి చేసేవాళ్లు. "అట్లాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాల" అని ఒకావిడ నిట్టూర్చింది కూడా. నేను మురిసిపోయాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, మురిసిపోయాను.

అట్లా రెండేళ్లు గడిచాక ఒక ఆదివారం మా ఇంట్లో చుట్టాలు భోజనాలకు కూర్చుని ఉండగా కారు మాట వచ్చింది. "ఇంగ దాన్ని అమ్మెయ్యమ్మా. ఆడమనిషివి, ఘాట్‌లో ఒంటరిగా ఎన్నిసార్లు నిలబడతావు?" అని ఒకరు మొదలుపెట్టారు. మా ఆయన మజ్జిగ పోసుకుంటూ, "నా మాట వింటే కదా" అన్నాడు. నాకు రోషం వచ్చింది. "సరే, కొత్త వాటర్ పంపు వేయిస్తాను. ఆ తర్వాత ఒక్కసారి ఘాట్‌లో నిలిచినా, వచ్చే ఆదివారానికే అమ్మేస్తాను. మళ్లీ బస్సెక్కుతాను, నోరెత్తను" అన్నాను. నలుగురి ముందు అన్న మాట. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

వాటర్ పంపంటే ఇంజను చుట్టూ నీళ్లు తిప్పేది. అది సరిగ్గా తిప్పకపోతే ఇంజను కుతకుతలాడిపోతుంది. తిరుపతి పోయి కొత్తది నేనే వెతికి తెచ్చి, అట్టపెట్టెతో సహా మెకానిక్కు చేతిలో పెట్టి బడికి పోయాను. బుధవారం సాయంత్రానికి కారు ఇంటికొచ్చింది. బానెట్ ఎత్తి చూసుకోకపోవడం నా బుద్ధితక్కువ.

శుక్రవారం ఘాట్ సగంలో ముల్లు ఎర్రగీత దాటింది.

ఆ రోజు ఏడ్చాను. స్టీరింగు మీద తల పెట్టుకుని, బస్సుల్లో పోయేవాళ్లు చూస్తున్నా పట్టించుకోకుండా ఏడ్చాను. ఒక లారీ డ్రైవరు ఆపి వచ్చాడు. సార్ ఎక్కడని అడిగాడు, అది తప్పదు కదా. తర్వాత వంగి లోపలికి చూసి, "పంపు పాయిందిమా, మార్పించు" అన్నాడు.

"మొన్ననే కొత్తది వేయించినానే!"

"ఏది కొత్తది? ఇది మసి పట్టి తుప్పెక్కి ఉండాదే. ఎవుడో నీకు టోపీ పెట్టినాడు."

నేను దిగి చూశాను. నిజమే. అదే పాత పంపు, అదే విరిగిన అంచు. నా కొత్త పంపును మెకానిక్కు మింగేశాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే మనిషి! రెండేళ్లుగా పండక్కి వాళ్లింటికి అరిసెలు పంపించాను నేను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా ఆయనకు సంగతి తెలిసిపోయింది, నా మొహం చూసే. "పోనీలే, ఎన్నని పడతావు? ఆదివారం పొద్దున ఒకాయన కారు చూసుకోవడానికి వస్తానన్నాడు" అన్నాడు. అప్పుడే బేరగాణ్ని కూడా చూసిపెట్టాడు! ఆ తొందర నాకు ఎందుకో గుచ్చుకుంది, కానీ నా కోపమంతా మెకానిక్కు మీద ఉంది.

శనివారం సెలవు పెట్టి షెడ్డుకు పోయాను. మెకానిక్కు మా నాయన వయసు మనిషి. "కొత్త పంపు వేసినావా లేదా?" అని అడిగాను.

"ఏసినానమ్మా" అన్నాడు, నా మొహం చూడకుండా.

"అట్లయితే కారెక్కు. కాణిపాకం పోదాం. ప్రమాణం చెయ్యి."

మావైపు ఇది ఆఖరి మాట. గొర్రె పోయినా, గట్టు జరిగినా, అన్నదమ్ములు తగాదా పడినా, తేలకపోతే కాణిపాకం వినాయకుడి దగ్గరికి పోతారు. అక్కడ స్నానం చేసి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి ఎంత మొండివాడైనా అబద్ధం ఆడడని నమ్మకం. మెకానిక్కు మొహంలో నెత్తురు లేదు. అయినా చేతులు తుడుచుకుని వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. అది ఎక్కుడు లేని బయలు దారి కాబట్టి కారు ముద్దుగా, ఒక్క దగ్గు లేకుండా పోయింది. దాన్ని చూసి నాకు ఇంకా దుఃఖం వచ్చింది.

గుడి ముందు కొత్త బండ్లు వరసగా పూజకు నిలబడి ఉన్నాయి, దండలు వేసుకుని. నా కారుకూ అక్కడే పూజ చేయించాం. టైర్ల కింద నిమ్మకాయలు మా ఆయనే పెట్టాడు. నేను దిగి తలుపు తెరిచాను. మెకానిక్కు దిగాడు, చెప్పులు విడిచాడు, కొళాయి దగ్గర కాళ్లు కడుక్కున్నాడు. అక్కడే నిలబడిపోయాడు.

"నేను ప్రమాణం సెయ్యలేనమ్మా."

"ఎట్లా చేస్తావు? నా పంపు అమ్ముకుంటివి కదా!"

"అమ్ముకోలేదమ్మా. నీ పంపు మీ ఇంట్లోనే ఉండాది."

నాకు అర్థం కాలేదు. ఆయన నేల చూస్తూ చెప్పాడు. "సార్ వచ్చినాడు. కొత్తది ఎయ్యొద్దు, పాతదే బిగించి పంపించు, ఊర్లో తిరిగితే సాలు అన్నాడు. ఘాట్ ఎక్కకపోతే ఆయమ్మే ఇసిగి అమ్మేస్తాది అన్నాడు. పంపు అట్టపెట్టెతో సహా తీసుకోని పాయె." చేతులు కట్టుకుని, "ఇదొక్కటే గాదమ్మా. రేడియేటరు కడగమని నువ్వు సెప్పిపోతే, కడగొద్దని ఆయప్ప సెప్పి పొయ్యేవాడు. మొదటి నుంచీ అంతే. ఇంటి యజమాని గదా అని నేనూ..." అన్నాడు.

"కారు యజమాని ఎవురప్పా?" అని అరిచాను. పూజకొచ్చినవాళ్లు తిరిగి చూశారు. చూడనీ!

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆయన కొడుకు పట్టిచ్చాడు నాకు. ఎదురుగా గుడి, చేతిలో కారు తాళాలు. నాకు దండం పెట్టుకోవాలని కూడా తోచలేదు. మెకానిక్కును కారెక్కించుకుని సూటిగా ఇంటికి పోయాను. ఆయన్ని వాకిట్లో కూర్చోబెట్టి, బీరువా తెరిచి, మా ఆయన పంచెల కింద వెతికాను. అట్టపెట్టె అక్కడే ఉంది. నేను కట్టిన పురికొస ముడి కూడా విప్పలేదు.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి మెకానిక్కు వాకిట్లో పాత పంపు విప్పుతున్నాడు. నేను పక్కనే నిలబడి ప్రతి బోల్టూ చూస్తున్నాను. ఆయన స్కూటరు దిగి, ఆ పెట్టెను చూశాడు, నన్ను చూశాడు. లోపలికి పోబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"నీ మేలుకే చేసినాను" అన్నాడు. "ఒంటరి ఆడదానివి, ఘాట్‌లో ఏమన్నా అయితే?"

"ఘాట్‌లో నిలబడిపోతానని భయపడి, ఘాట్‌లో నిలబడేటట్టు చేసినారా?"

ఆయన మెకానిక్కు వైపు ఒకసారి చూశాడు. గొంతు తగ్గించి, "ఆఫీసులో ఏమంటాండారో నీకేం తెలుసు? పెండ్లాం తోల్తా ఉంటే పక్కన కూర్చోని పోతాడు అని నవ్వుతాండారు" అన్నాడు. అదీ అసలు సంగతి. ఎవరో నలుగురు పళ్లికిలిస్తే, వాళ్ల కోసం నన్ను రెండేళ్లు ఎండలో నడిరోడ్డు మీద నిలబెట్టాడు. అప్పుడు నాకు నీళ్ల డబ్బాలు గుర్తొచ్చాయి. కారు నిలిచిపోతుందని ఆయనకు తెలుసు. తెలిసే రోజూ పొద్దున్నే లేచి, నీళ్లు నింపి, మూతలు బిగించి పెట్టాడు. పంపు సంగతి నేను క్షమించేదాన్నేమో. ఆ నీళ్లు క్షమించలేకపోయాను.

ఆదివారం బేరగాడు వచ్చాడు. హాల్లో మా ఆయన ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు. నేను పాత పంపు తెచ్చి టీపాయ్ మీద పెట్టాను, మసితో సహా. "కారు అమ్మటం లేదన్నా. కాఫీ తాగి పోండి" అన్నాను ఆయనతో. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "కాణిపాకం పోదాం రండి. కారుకు మీరు ఇంకేమీ చేయలేదని ప్రమాణం చెయ్యండి. నేనే తోల్తాను, పక్కన కూర్చోండి" అన్నాను.

ఆయన లేవలేదు. చేతిలో ఉన్న కాఫీ కప్పు కింద పెట్టలేదు, తాగనూ లేదు.

నేను తాళాలు తీసుకుని ఒక్కదాన్నే ఘాట్‌కు పోయాను. ముల్లు సగం దాటలేదు. పైన పలమనేరు గాలి తగిలింది, కానీ నాకు ఆ రోజు సుఖమనిపించలేదు. ఒకచోట ఆపి దిగి, డిక్కీ తెరిచాను. రెండు డబ్బాలూ ఉన్నాయి, శనివారం పొద్దున నింపినవి. మూతలు ఎంత గట్టిగా బిగించాడంటే, చీరకొంగుతో పట్టుకుంటే గానీ తిరగలేదు. రెండూ రోడ్డు పక్కన పారబోశాను.

కారు ఆ తర్వాత ఎనిమిదేళ్లు నా దగ్గరే ఉంది. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పుతూనే ఉన్నాను, వైపరు మొండికేస్తూనే ఉంది, రెండుసార్లు ఘాట్‌లో కూడా నిలిచిపోయింది. వాటికి నేను దాన్ని ఒక్క మాట అనలేదు. నీళ్ల డబ్బాలు మాత్రం సోమవారం నుంచీ నేనే నింపుకున్నాను.