లేబుల్ మీద లేని గ్యాస్

ఎనిమిది ఎండాకాలాలుగా ఒక మాటను మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే ఇప్పుడైనా నోరు పెగులుతున్నదేమో. ఒక మనిషికి చూపు పోయింది. తన తప్పు వల్లే పోయిందని ఆయన ఈ రోజుకీ నమ్ముతున్నాడు. తప్పు ఆయనది కాదు. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

నేను కరీంనగర్‌లో ఏసీలు బాగుచేస్తాను. చదువు పదో తరగతితో ఆగిపోయింది. మా బాపు మరమగ్గం నడిపేవాడు. నాకు ఆ మోత పడేది కాదు. గ్రంథాలయంలో మోత ఉండదని మొదట అక్కడికి పోయాను, తర్వాత పుస్తకాల కోసమే పోయాను. శీతల యంత్రాల మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉండేది. నిఘంటువు పక్కన పెట్టుకుని రెండేళ్లు చదివాను. ఒక్కో పేజీకి ఒక్కోసారి వారం పట్టేది. కరీంనగర్‌లో ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన మెకానిక్ నేనొక్కణ్నే అనుకునేవాణ్ని. ఇప్పుడు ఆ గర్వాన్ని తలచుకుంటే సిగ్గేస్తుంది.

చేతిపని నేర్పింది మాత్రం రాజమల్లన్న. మస్కట్‌లో పన్నెండేళ్లు పనిచేసి వచ్చినవాడు. అక్షరాలు రావు, అంకెలు మాత్రం గుర్తుపడతాడు. ఏసీ బయట పెట్టెకు ఉండే లేబుల్ మీద లోపలి గ్యాస్ నంబరు 22 ఉందా, 410 ఉందా, 32 ఉందా చూసుకుని పని మొదలుపెట్టేవాడు. నన్ను లైబ్రరీ సారు అని పిలిచేవాడు. ఒక బోల్టు దొరక్క నేను వెతుకుతుంటే, "ఏందిరో లైబ్రరీ సారు, గది ఏడ పడ్డదో నీ బుక్కుల రాయలేదా?" అని నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ని. లోపల మాత్రం గుచ్చుకునేది.

ఆయనకు ఒక పాత అలవాటు ఉండేది. గ్యాస్ ఎక్కడ కారుతున్నదో మంటతో వెతికేవాడు. వెల్డింగ్ టార్చి మొనకు రాగి తీగ చుట్టి, చిన్న మంటను పైపుల అతుకుల వెంట నడిపేవాడు. కారే చోట మంట ఆకుపచ్చగా మారేది. 22 నంబరు గ్యాస్‌లో క్లోరిన్ ఉంటుంది, దానివల్ల ఆ రంగు వస్తుంది. ఆ గ్యాస్ మామూలుగా అంటుకోదు కాబట్టి ఆయన తరం వాళ్లు ధైర్యంగా అలా చేసేవారు. అన్నా, ఆ పొగ విషం, సబ్బునీళ్లు పూస్తే కారే చోట బుడగలొస్తాయి, అది చాలు అని నేను చాలాసార్లు చెప్పాను. వినలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. నేను దాక్కున్నది ఈ మాట వెనకే.

ఆ ఏడు మే నెలలో ఒక రిటైర్డ్ టీచరు ఇంటికి పోయాను. ఆయన భార్యకు పక్షవాతం, మంచం దిగలేదు. ఆ గదిలో ఏసీ వయసు పన్నెండేళ్లు, గ్యాస్ 22. గాలి వస్తుంది కానీ చల్లదనం లేదు. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారిందనే. ఆ మిషన్ కాయిల్ అంతా తుప్పు తిని ఉంది. పైగా 22ను కొత్త ఏసీల్లో వాడటం మానేశారు. అది ఆకాశంలోని ఓజోన్ పొరను తినేస్తుంది. బజారులో దొరకడమే కష్టమైంది. కొత్త మిషన్లలో వచ్చే గ్యాస్‌ను తెచ్చి పాతదాంట్లో పోద్దామంటే కుదరదు, ఒత్తిడి వేరు, లోపలి ఆయిల్ వేరు. ఇవన్నీ నాకు తెలుసు. చెప్పవలసిన మాట ఒక్కటే: సార్, దీని కాలం అయిపోయింది, కొత్తది తీసుకోండి.

ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. అంతలో ఆయన మెల్లగా అన్నాడు, రాజమల్లు అయితే ఏదో ఒకటి చేసి నడిపిస్తుండె, నువ్వు గన్ని బుక్కులు చదివినోనివి, నీకు ఉపాయం తెల్వదా అని. ఎగతాళిగా కాదు. ఆశగా అన్నాడు. ఆ ఆశ నా గర్వానికి తగిలింది.

ఉపాయం నాకు తెలుసు. 290 అని ఒక గ్యాస్ ఉంది. కొన్ని ఫ్రిజ్‌లలో వాడతారు. వంటగ్యాస్‌కు తోబుట్టువు. 22 మిషన్‌లో పోస్తే బ్రహ్మాండంగా చల్లబరుస్తుందని, బరువులో సగం కూడా అక్కర్లేదని చదివాను. ఆ కిందే ఇంకో మాట ఉంది. ఇది మండే గ్యాస్, దీనికోసం తయారుకాని మిషన్‌లో నింపరాదు. ఎక్కడ నింపినా పైన ఎర్రగా రాసి పెట్టాలి. మండేది అనే ఆ ఇంగ్లీషు మాటకు అర్థం నిఘంటువులో నేనే వెతికాను. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

నింపాను. కంటికి కనబడిన ఒక అతుకు మూసి, మిగతావి వెతకకుండా నింపాను. పావుగంటలో గది చల్లబడింది. మంచం మీది ఆమె కళ్లు మూసుకుంది. సారు నా భుజం తట్టి సైంటిస్టువయ్యా అన్నాడు. నా సంచిలో ఎర్ర మార్కర్ ఉంది. తీయలేదు. ఎందుకు తీయలేదు? తొందరలో మరిచానని ఇన్నేళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. రాస్తే రేపు రాజమల్లన్న చూసి ఇదేందిరా అని అడుగుతాడు, నేను చెప్తే ఆయనకూ తెలిసిపోతుంది. ఆయనకు తెలియనిది ఒక్కటైనా నా దగ్గర ఉండాలనుకున్నాను. అంతే. ఇంత చిన్న కోరిక.

నెల తిరగకముందే మిషన్ మళ్లీ ఆగింది. నేను అప్పుడు ఖానాపూర్‌లో, అత్తగారింట్లో ఉన్నాను. సారు రాజమల్లన్నను పిలిచాడు. బయట పెట్టె వెనక బాల్కనీలో ఉండేది. కోతులు రాకుండా నాలుగు వైపులా కింద రేకులు, పైన జాలీ కొట్టించారు. కారిన గ్యాస్ గాలికన్నా బరువు, బయటికి పోయే దారి లేక అక్కడే నిలిచింది. రాజమల్లన్న వంగి లేబుల్ చూశాడు. 22 అని ఉంది. మంట వెలిగించాడు.

ఒక కన్ను అక్కడే పోయింది. రెండో కంటికి వెలుతురూ నీడా తప్ప తెలియదు. కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయాయి. ఆ ఇంట్లో ఇంకెవరికీ ఏమీ కాలేదు.

దవాఖానకు పోయినప్పుడు ఆయన మొహానికి కట్లున్నాయి. అడుగుల చప్పుడుకే నన్ను గుర్తుపట్టాడు.

"తమ్మీ, గా మిషన్ల ఏం గ్యాస్ ఉండె?"

"ఇరవై రెండే అన్నా."

"నువ్వే ఏసినవా?"

"నేనే ఏసిన."

కట్లున్న మొహం నా వైపు తిప్పాడు. "ఇరవై రెండు గట్ల అంటుకోదు కదరా."

అప్పుడైనా చెప్పవలసింది. ఆయన నాకు తలుపు తెరిచి పట్టుకున్నట్టే ఉంది. నేను ఇలా అన్నాను: "ఆయిల్ అంటుకున్నదేమో అన్నా. మంటతోని చూడకు, సబ్బునీళ్లతోని చూడుమని ఎన్నిసార్లు చెప్పిన."

"అవ్ తమ్మీ. చెప్పినవ్," అన్నాడు. "నేనే ఇనలే."

ఆ పాత మిషన్ పాత ఇనుములోకి పోయింది. సారు కొత్తది కొన్నాడు, 32 గ్యాస్‌ది. బిగించింది నేనే. మొదటిరోజు చెప్పవలసిన మాట అలా నెరవేరింది.

ఇంతకన్నా హీనమైనది ఇంకొకటి ఉంది. తర్వాతి ఏడాది ఊళ్లోని మెకానిక్‌లందరూ ఒకచోట కూడి, గ్యాస్‌ల గురించి పని నేర్చుకునే పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. చదువుకున్నవాణ్ని గదా. బోర్డు మీద 22, 410, 32, 290 రాసి ఏది అంటుకుంటుందో ఏది అంటుకోదో చెప్పాను. 290 గురించి చెబుతున్నప్పుడు గొంతు వణకలేదు. అది తలచుకుంటేనే భయమేస్తుంది. ముందు వరుసలో నల్లద్దాలు పెట్టుకుని రాజమల్లన్న కూర్చున్నాడు. నేను ముగించాక లేచి నిలబడి, నా లెక్క చెయ్యకుండ్రి బిడ్డా, సదువుకున్నోళ్ల మాట ఇనుండ్రి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఇప్పటికీ నెలకోసారి ఆయన ఇంటికి పోతాను. ఆయన భార్య బీడీలు చుడుతూ వాకిట్లో ఉంటుంది. కొత్త గ్యాస్ ఏమన్నా వచ్చిందారా అని అడుగుతాడు, నేను చెప్తుంటే తలూపుతూ వింటాడు. ముప్పై ఏళ్లు తన చేతిని నమ్ముకున్న మనిషి ఇప్పుడు గ్లాసు పట్టుకున్నా సరిగ్గా పట్టుకున్నానా అని భార్యను అడుగుతాడు. చూపు మంట వల్ల పోయింది. ఈ నమ్మకం మాత్రం నా మాట వల్ల పోయింది. మంట కన్నా నేనే ఎక్కువ తీసుకున్నానా? అవుననే అనిపిస్తుంది.

చెప్తే ఏమవుతుంది? కొడతాడా? కొట్టడు. కేసు పెడతాడా? పెట్టడు. ఊరుకుంటాడు. పోనీలేరా అని కూడా అంటాడేమో. ఆ మాట వినడం నావల్ల కాదు. వినకుండా తప్పించుకునే హక్కు నాకెక్కడిదని అడిగితే, లేదు. అయినా ప్రతిసారీ చాయ్ తాగి లేచి వస్తాను.

ఈ కాగితం ముందు కూర్చున్నాక ఒకటి తెలిసింది. నేను రాయడాన్నే ఎందుకు ఎంచుకున్నాను? ఆయనకు చదువు రాదు. వచ్చినా చదవడానికి చూపు లేదు. ఒప్పుకోవడానికి కూడా ఆయన చేరుకోలేని చోటు చూసుకున్నాను. ఇంత పిరికివాణ్ని.

కానీ ఆయన కూతురు చదువుకుంది. ఇది ఎప్పుడైనా ఆమె కంట పడితే, ఈ రెండు మాటలు ఆయనకు వినిపించాలి. ఆ మిషన్‌లో నింపింది ఇరవై రెండు కాదు, రెండు వందల తొంభై. నింపింది నేను, రాయనిది నేను.

రాజమల్లన్న లేబుల్ సరిగ్గానే చదివాడు.