గొర్రెపిల్లల గూళ్లలో మా బూట్లు

మీరు కబ్జాదారులు. కోపం తెచ్చుకోకండి, ముందు వినండి. ఎవరో తాతల కాలం నుంచి మందల వెంట నడిచి అరగదీసిన బాటకు మీరు కొత్త పేరు పెడతారు, ఫోనులో గీత గీస్తారు, చివర్లో పతకాలు పంచుకుంటారు. ఆ బాట మీద ఇంకా ఎవరైనా బతుకుతున్నారా అని ఒక్కసారీ అడగరు. నన్ను నేను మినహాయించుకుని చెప్పడం లేదు. పోయిన కార్తీకంలో అలాంటి నడక గుంపులో నేనూ ఉన్నాను.

పాతికేళ్లుగా భూముల గురించి వ్యాసాలు రాస్తున్నాను. ఆ భూముల మీద నడిచింది మాత్రం తక్కువ. అందుకే, ప్రొద్దుటూరు లెక్చరర్ శ్రీకాంత్ జమ్మలమడుగు నుంచి ముద్దనూరు మీదుగా పులివెందుల దాకా మూడు రోజుల నడక పెడుతున్నాడంటే పేరిచ్చాను. ఎనిమిది మందిమి అయ్యాం. ప్రొద్దుటూరు బస్టాండులో ఐదున్నర బస్సెక్కితే ఆరున్నర లోపే జమ్మలమడుగు. టికెట్టు యాభై దాటదు. అక్కడ నలభై రూపాయల ఉగ్గాని, బజ్జీతో కడుపు నిండుతుంది. ప్లేటు పెడుతూ హోటలామె మా కర్రలూ సంచులూ చూసి ఎటని అడిగింది. పులివెందులకు, నడిచి, అన్నాను. "బస్సులుండాయి కదన్నా. ఏం మొక్కుకున్యారు?" అంది. అందరం నవ్వాం.

మొదటి రోజు ఎండలోనే ముద్దనూరు చేరాం. లాడ్జిలో ఇద్దరికో గది, ఎనిమిది వందలు. సాయంత్రం ఫోన్లకు అల్పపీడనం హెచ్చరిక వచ్చింది. ఆగుదామని ఇద్దరన్నారు. సెలవులు మళ్లీ దొరకవని మిగతావాళ్లం అన్నాం.

మర్నాడు ఆరింటికి బయల్దేరి, రోడ్డు వదిలి మందల బాట పట్టాం. అంతా నల్లరేగడి. తొమ్మిదికి సన్నగా మొదలైన వాన పదికల్లా దంచింది. అడుగుకో బురద ముద్ద బూటుకు అంటుకుంటుంది, విదిలిస్తే ఇంకోటి. ముందున్న వంకలో నీళ్లు తొడల దాకా వచ్చాయి. దాటే ధైర్యం లేక వెనక్కి తిరిగి, పది నలభైకి రాతిమిట్ట మీదున్న బండల కొట్టంలో దూరాం. శ్రీకాంత్ మ్యాపులో దాని పేరు 'వాకర్స్ షెల్టర్'. పైన నాపబండల కప్పు, మూడు వైపులా గోడ. వెనక గోడ పొడుగునా మోకాలెత్తు గూళ్లు, ఒక్కోదాంట్లో కాస్త ఎండుగడ్డి. కట్టినవాడెవడోగానీ నడిచేవాళ్ల అవసరం తెలిసినవాడని శ్రీకాంత్ మెచ్చుకున్నాడు. ఆ గూళ్లలో మా బురద బూట్లూ తడిసిన సంచులూ సర్దేసి, గ్యాసు పొయ్యి మీద ఉప్మాకు నీళ్లు పెట్టాం.

పదకొండున్నరకు ఓబులేసు వచ్చాడు. అరవై దాటిన గొర్రెల కాపరి. వెనక భార్య నాగమ్మ, ఆమె వెనక మంద. ఆయన ఒంటి మీద గొంగడి లేదు. అది నాగమ్మ నెత్తిన ఉన్న గంపకు కప్పి ఉంది. గంపలో నిన్నా మొన్నా పుట్టిన పిల్లలు ఏడు. ఏ ఊరోళ్లని అడిగాడు. చెప్పాం. రోంత చోటు దొరుకుతాదా అన్నాడు. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు. నలుగురు వండుకు తింటున్న చోటికి పిలవకుండా మందను తోలుకురావడం ఆయనకు తెలిసిన మర్యాద కాదు. వానలో నిలబడ్డాడు.

లోపల వాదన మొదలైంది. గొర్రెలొస్తే పిడుదులొస్తాయని ఒకాయన. ఆ కంపుకు తిండి సయించదని ఇంకొకాయన. బయట టార్పాలిన్ కట్టిద్దామని ఒకామె. నేను లేచి మాట్లాడాను. బాగానే మాట్లాడాను. ఉమ్మడి భూములు, మందల హక్కు, మధ్యతరగతి వినోదం, ఏదీ వదల్లేదు. గుంపు బాధ్యత తనదని శ్రీకాంత్ అడ్డం తిరిగాడు. చివరికి చేతులెత్తి తేల్చుకుందామన్నది నేనే. ఐదుగురు రానివ్వాలన్నారు, ముగ్గురు వద్దన్నారు. గెలిచాను. టైము చూస్తే పన్నెండుంబావు. ఆ ముప్పావు గంటా నా సంచి కూడా గూట్లోనే ఉంది.

రమ్మని పిలిచాను. నాగమ్మ వంగి లోపలికొచ్చి, గంప దించి, గోడ వైపు చూసింది.

"బూట్లు తీయండప్పా," అంది. "అవి పిల్లల గూళ్లు."

ఆ కొట్టం కట్టింది ఓబులేసు నాయన. ముసురు పడితే రేగడి మీద మంద నిలవలేదు. అందుకని మిట్టకు తోలి, పసిపిల్లలను ఎండుగడ్డి వేసిన గూళ్లలో పెట్టి, బండ అడ్డం పెడతారు. ఒకదాని వెచ్చన ఒకటి బతుకుతాయి. ఆ గడ్డిని మా బూట్లు బురద చేశాయి. నాగమ్మ దాన్నంతా లాగి పారేసింది. మా పొడి బట్టలు, తువ్వాళ్లు, దుప్పట్లు అన్నీ ఇచ్చాం. ఒంటిగంటకు ఒక పిల్ల పోయింది. రెండు కాకముందే ఇంకో మూడు. ఓబులేసు ఒక్కోదాని కాళ్లు రుద్దుతూ కూర్చున్నాడు. తల్లులు గడప దగ్గర తలలు పెట్టి అరుస్తూనే ఉన్నాయి.

ముందే ఎందుకు చెప్పలేదు మామా అని అడిగాను.

"మీరు కొలతలోళ్లనుకుంటి. పోయినేడు ఇట్లే కర్రలు పట్టుకోని, ఫోన్లు చూసుకుంటా వచ్చినారు. వంక అవతల మా కొట్టం ఇంకోటి ఉంటే, ఇది మాదే సామీ అని నేనే సూపిస్తి. రాసుకోని పోయినారు. ఇప్పుడు ఆడ కంచె ఉండాది. అందుకే నోరు తెరవల్యా."

తల ఎత్తకుండానే అడిగాడు. "అంతసేపు ఏం మాట్లాడుకున్యారప్పా లోపల?"

మాట్లాడుకున్నది ఆయన హక్కుల గురించి. నేను తువ్వాలు తీసుకుని పక్కనున్న పిల్లను తుడవసాగాను.

మూడున్నరకు వాన తగ్గింది. మిగిలిన మూడింటినీ గూట్లో వదిలి వాళ్లు మంద దగ్గరికి వెళ్లారు. మేం రోడ్డెక్కి, దొరికిన బస్సులో పులివెందుల చేరాం. పిల్లలను వాన చంపిందని శ్రీకాంత్ మా గ్రూపులో రాశాడు. కాదు. కంచె వేసినవాళ్లు ఆయన నోరు మూయించారు. మేం గూళ్లు ఆక్రమించాం. నా న్యాయం నలుగురి చేతా ఒప్పించుకోవడానికి నేను ముప్పావు గంట తిన్నాను. న్యాయం మన పక్షాన ఉందన్న ధీమా కూడా ఒక సోమరితనమే. ఈ దారిన వెళ్లదలిస్తే ఒకటే సలహా: ముద్దనూరు టీ కొట్ల దగ్గర కాపరులు కనిపిస్తారు, మంద ఎటుందో, కొట్టాలెవరివో వాళ్లను అడిగి బయల్దేరండి.

ఇక నా డిమాండ్లు:

నడకల నిర్వాహకులు మ్యాపులో 'వాకర్స్ షెల్టర్' తీసేసి 'కాపరుల కొట్టం' అని రాయాలి.

గొర్రెలు ఈనే వానల్లో ఈ దారిన నడకలు పెట్టకూడదు.

మందల బాటలనూ కొట్టాలనూ రెవెన్యూ రికార్డుల్లోకి ఎక్కించాలి. అప్పటిదాకా కొత్త కంచె వేయకూడదు.

వంక అవతలి కొట్టం చుట్టూ ఉన్న కంచె తీసేయాలి.

వానలో మనిషి బయట నిలబడి ఉంటే, లోపలున్నవాళ్లు ముందు లేచి చోటివ్వాలి.